ఇంతకు ముందెక్కడా అచ్చుకాని తిప్పన్న

తిప్పన్న చావు ఇంతకు ముందే ఊళ్లో ఎవరి నోటనైనా అచ్చయిందేమో తనిఖీ చేయడానికి, 'నవపత్రహరితం' అంతర్జాల మాసపత్రిక పంపిన ఇన్‌స్పెక్టరు శుక్రవారం పొద్దున ఏడుంబావు బస్సుకు గువ్వలకుంటపల్లెలో దిగాడు. ఆ చుట్టుపక్కల ఇలాంటి తనిఖీలు మామూలే. పోయిన వేసవిలో పక్క ఊళ్లో ఆగిపోయిన పెళ్లి ఒకదాన్ని, ఏటి అవతలి ఊళ్లో రెండు కరువులను తనిఖీ చేసి వెళ్లారు. అందుచేత ఆయన సంచీని, మెడలో కార్డును చూసి ఎవరూ వింతపడలేదు. కుక్కలు మొరిగాయి గానీ, అవి బీమా వాళ్లను చూసినా మొరుగుతాయి.

ఇన్‌స్పెక్టరు పేరు సుధీంద్ర. ఇస్త్రీ మడతలు చెరగని మనిషి. తెల్లవారుజామున బయలుదేరినందువల్ల ఆకలి మీదున్నాడు. బస్సు ఆగే చోటే మారెక్క అంగడి ఉంటే, ఒక ప్లేటు బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు చెప్పి బల్ల మీద కూర్చున్నాడు. మారెక్క ప్లేటు చేతికిస్తూ, వచ్చినవాళ్లందరికీ చెప్పినట్టే ఆయనకూ మొదలుపెట్టింది.

"మా ఆయన తిప్పన్న అని ఉండె సార్. అదో, గోడ మింద ఫోటో. సుంకన్న మేక బాయిలో పడితే తీయనీకి దిగినాడు. ఒగని మేక కోసరం ఇంగొగడు దిగుతాడా? ఈయప్ప దిగె. మేకకు తాడు కట్టి 'లాగండప్పో' అని అరిచె. లాగిరి. మేక వొచ్చె. మళ్లా తాడు యిడిచిరి..."

అంతలో బస్సు హారను మోగింది. బల్ల మీదున్న తక్కిన ముగ్గురూ మూతి తుడుచుకుంటూ పరుగెత్తారు. మారెక్క అలవాటుగా అక్కడే ఆపి, నూనెలో బజ్జీలు తిప్పింది. సుధీంద్ర సంచీలోంచి పలక లాంటి యంత్రం తీసి, మొదటి గడిలో ఇలా నింపాడు: దినపత్రిక. రోజుకు నలభై ప్రతులు. పంతొమ్మిదేళ్లుగా ఆగకుండా వస్తోంది.

ఈ చావును కథగా పత్రికకు పంపినవాడు వన్నూరప్ప, తిప్పన్న తమ్ముడు. పంచాయతీ నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పుతాడు. ఊళ్లో అయిదు వీధులుంటే వాటి వంతులు ఆయనకు నిద్రలోనూ తెలుసు. ఆయన నోటి నుంచి ఊరు వినేవి రెండే మాటలు. నీళ్లు వచ్చేటప్పుడు "యిడిసినా" అంటాడు, ఆగేటప్పుడు "కట్టినా" అంటాడు. మిగతావి చూస్తాడు. ఎవరి బిందెకు సొట్ట పడింది, ఎవరు ఎవరి వెనక నిలబడడం మానేశారు, అన్నీ చూసి ఊరుకుంటాడు. ట్యాంకు నిండడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో పొడుగు నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, ఆరేళ్లు రాసి, ఆయన తిప్పన్న చావును కథ చేశాడు.

ఎందుకు రాశాడంటే దానికో కారణం ఉంది. తిప్పన్న బావిలో దిగిన నాటికి రెండేళ్ల ముందే ఆ బావిని పూడ్చేసినట్టు పంచాయతీలో కాగితం ఉంది. పూడ్చిన బావిలో మనిషి ఎట్లా చస్తాడని అధికారులు అడిగారు. బావి ఉంది, శవం ఉంది, కాగితం ఉంది. మూడింట్లో కాగితానికే ముద్ర ఉంది. చివరికి చావుల పుస్తకంలో తిప్పన్న పేరుకెదురుగా, కారణం అనే గడిలో 'ఇతరములు' అని రాశారు. లోకంలో ఏదో ఒక కాగితం మీదైనా తన అన్న బావిలో చచ్చిపోవాలని వన్నూరప్ప కోరిక. అంతకు మించి ఆయనకు పేరు మీద ఆశ లేదు.

మండలంలో మస్తాను నడిపే డీటీపీ సెంటర్లో కథ టైపయింది. పత్రిక వాళ్ల నిబంధనలు ఇరవై మూడు. మస్తాను ఒక్కొక్కటే చదువుతుంటే వన్నూరప్ప నిలబడి విన్నాడు. కాగితానికి నాలుగు వైపులా ఒక్కొక్క అంగుళం వదలాలట. అది ఆయనకు సబబుగానే తోచింది. గట్టు వదలకుండా ఎవడూ సేద్యం చేయడు. వరసకూ వరసకూ మధ్య ఒకటిన్నర ఎడం ఉండాలట. వేరుశనక్కాయ విత్తేటప్పుడూ సాలుకూ సాలుకూ మధ్య కొలత ఉంటుంది. పదిహేను వందల మాటలకు మించకూడదట. కథ పంతొమ్మిది వందల నలభై దాకా వచ్చింది.

"యాది తీసేద్దాం మామా?" అన్నాడు మస్తాను.

వన్నూరప్ప మొదట ఆకాశం ఉన్న చోట్లు తీసేయించాడు. ఆకాశం ఎట్లుంటుందో అందరికీ తెలుసు. తర్వాత చెట్లు పోయాయి. అయినా రెండు వందల మాటలు మిగిలితే, తనను తీసేయించాడు. ఆ రోజు పైన తాడు పట్టుకున్నవాళ్లు నలుగురు. అందులో ముందున్నవాడు వన్నూరప్పే. కథలో ఇప్పుడు తాడును ముగ్గురే పట్టుకున్నారు. ముగ్గురైనా మేక పైకి వస్తుంది కాబట్టి కథకు లోటు రాలేదు.

రచయిత పరిచయం యాభై మాటలకు తగ్గకూడదన్నారు. వన్నూరప్ప దగ్గర పదకొండు ఉన్నాయి. తక్కినవి మస్తాను అయిదు వీధుల పేర్లూ, వాటికి నీళ్లొచ్చే వేళలూ వేసి పూర్తి చేశాడు.

చిక్కంతా ఏడో నిబంధనతో వచ్చింది. ఈ రచన ఇంతకు ముందు ఏ పత్రికలోనూ, ఏ బ్లాగులోనూ, ఏ వాట్సాప్ గుంపులోనూ, మరే ఇతర మాధ్యమంలోనూ వెలువడలేదని రచయిత హామీ ఇవ్వాలి. వన్నూరప్ప ఇచ్చాడు. నోరు కూడా మాధ్యమమేనని, అది అన్నిటికన్నా పాతదని, దాని మీద తనిఖీ తప్పదని ఆ కింద చిన్నక్షరాల్లో ఉంది. మస్తాను చిన్నక్షరాలు చదవలేదు. చదవడానికి విడిగా రేటు ఉంది.

తనిఖీ రెండు రోజులు సాగింది. సుధీంద్ర ఇంటింటికీ వెళ్లి "తిప్పన్న ఎట్లా పోయాడు?" అని అడిగాడు. చెప్పగలిగినవాళ్లను ఒక్కొక్క ప్రతి కింద రాసుకున్నాడు. శనివారం సాయంత్రం పంచాయతీ ఆఫీసులో, సర్పంచి చంద్రోబుళరెడ్డి ఎదుట ఫలితం చదివాడు. మొత్తం అయిదు వందల ఎనభై మూడు ప్రతులు. అందులో నలభై ఒక్క కూర్పులు. కొన్ని కూర్పుల్లో మేక తెల్లది, కొన్నింటిలో నల్లది. పన్నెండింటిలో తిప్పన్న చివరి మాటలు వేరు. సర్పంచి కూర్పులో తాడు ముందు పట్టుకున్నవాడు సర్పంచే. బావిలోంచి పైకొచ్చిన మేక సంతానం ఇప్పటికి ఏడు, అవన్నీ తిప్పన్న మేకలుగా ఊళ్లో తిరుగుతున్నాయి. వాటిని కథకు వేసిన బొమ్మల కింద లెక్కగట్టాడు.

"ఇది ఇప్పటికే ప్రచురితమైన రచన. పైగా మీ ఊరి ప్రచురణకు మా పత్రిక కన్నా పాఠకులు ఎక్కువ. మాకు నూట పన్నెండు మంది. అందులో తొంభై మంది కథలు పంపేవాళ్లే," అన్నాడు సుధీంద్ర.

వన్నూరప్ప తల మీద చెయ్యి పెట్టుకుని నేల చూశాడు.

"ఒక మార్గం ఉంది," అన్నాడు సుధీంద్ర. "ఉపసంహరణ. ఎవరి దగ్గరున్న ప్రతి వాళ్లు వెనక్కిచ్చేయాలి. చివరిసారిగా ఒకసారి యంత్రానికి చెప్పి, వేలిముద్ర వేస్తే, ఆ సంగతి మరి వాళ్ల దగ్గర ఉండదు. నొప్పి ఏమీ ఉండదు."

ఆదివారం పొద్దునే చౌకడిపో ముందు వరస కట్టారు. ముందు నిలబడినవాళ్లు అడగవలసినవి అడిగారు.

"బియ్యమిస్తారా సార్?"

"లేదు."

"పింఛనేమన్నా ఆపుతారా?"

"ఆపరు."

"అయితే యేస్తాం."

అందరికన్నా ముందు వచ్చినవాడు సుంకన్న, మేక గలవాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ ఊళ్లో ఆయన పేరు ఒంటరిగా ఎవరూ పలకలేదు. మేకతో కలిపే పలికారు. ఆయన యంత్రం దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. "ఆయప్ప దిగుతానంటే 'మేక నాది, నీకెందుకప్పా అంత కష్టం' అంటి సార్. అంటి గానీ, రెట్ట పట్టుకుని ఆపకపోతి." వేలు పెట్టాడు. యంత్రంలో పచ్చ దీపం వెలిగింది. సుంకన్న కాసేపు అట్లాగే నిలబడి, "ఈ వరస దేనికబ్బా?" అని వెనకవాణ్ని అడిగి, నడుం నిటారుగా పెట్టుకుని ఇంటికి పోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన గురక మూడో వీధి దాకా వినబడింది.

సర్పంచి మొదట ఒప్పుకోలేదు. తాడు ముందు పట్టుకున్న మనిషి దాన్ని ఉత్తపుణ్యానికి వదులుకోడు. కానీ ఉపసంహరణలో మేకతో పాటు బావి, బావితో పాటు దాన్ని పూడ్చినట్టు రాసిన కాగితం సంగతి కూడా జనం దగ్గర మిగలవని తెలిశాక, ఆయన మనసు మారింది. దండోరా వేయించాడు. రాలేని ముసలివాళ్లను ఆటోలో తెప్పించాడు. వరసలో ఉన్నవాళ్లకు మజ్జిగ పోయించాడు. ఊరికి ఆయన చేసిన పనుల్లో సాయంత్రానికల్లా పూర్తయిన పని అదొక్కటే.

మేకల గిట్టలు యంత్రం తీసుకోలేదు. 'చదువు రానివి' అని రాసి సుధీంద్ర వాటిని వదిలేశాడు.

చివరికి మారెక్క మిగిలింది. ఆమె వరసకు రాలేదు. వన్నూరప్పే అంగడికి వెళ్లాడు. బల్ల మీద కూర్చున్నాడు. ఆమె అడక్కుండానే ఉగ్గాని పెట్టింది.

"నన్ను గూడా ఇచ్చేయమంటావా వన్నూరా?"

"నీదే పెద్ద ప్రతి అంట వదినా."

"మీ అన్న పోయినాక నాకేం మిగిలింది? ఈ పెనము, ఈ మాట. దీన్ని గూడా ఆ సారు మిషన్లో ఏస్తే నేనేం చెప్పుకోని బతకల్ల?"

వన్నూరప్ప ప్లేటులో పుట్నాలపొడిని వేలితో ఒక పక్కకు తోశాడు. "నువ్వు ఎప్పుడన్నా కడ దాకా చెప్పినావా?"

మారెక్క బజ్జీలు తీసే గరిటె ఆపింది. పంతొమ్మిదేళ్లుగా మేక పైకి రావడం, బస్సు హారను కొట్టడం ఒకేసారి జరుగుతున్నాయి. మళ్లీ తాడు వదిలాక ఏం జరిగిందో వినడానికి ఏ ప్రయాణికుడూ ఆగలేదు. ఆగితే తర్వాతి బస్సు రెండున్నర గంటలకు. ఆమె నోట విన్నవాళ్లందరి లెక్కలో తిప్పన్న ఇంకా బావిలోనే, తాడు కోసం చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"కాగితంలో ఐతే బస్సు రాదు వదినా," అన్నాడు వన్నూరప్ప. ఆయన జన్మలో చెప్పిన పెద్ద మాటల్లో అది ఒకటి.

ఆమె నూనె మూకుడు దించింది. కొంగుతో చేతులు తుడుచుకుని చౌకడిపోకు నడిచింది. సుధీంద్ర ఎదుట కూర్చుని మొదటి నుంచి చెప్పింది. మేక పైకి వచ్చింది, రోడ్డు మీద బస్సు హారను కొట్టింది, ఆమె ఆగలేదు. తాడు మళ్లీ వదలడం చెప్పింది. గోడ ఎట్లా వంగిందో, ముందు చిన్న రాళ్లు ఎట్లా పడ్డాయో, లోపలి నుంచి "మేక బాగుందా?" అని అడిగిన గొంతు ఎట్లుందో, తర్వాత దుమ్ము ఎంతసేపు లేచిందో చెప్పింది. రెండు బస్సులు పోయాయి. తర్వాత వేలు పెట్టింది. బజ్జీల నూనె వల్ల యంత్రం రెండుసార్లు తీసుకోలేదు. మూడోసారి పచ్చ దీపం వెలిగింది.

అంగడికి తిరిగొచ్చి, మూకుడు మళ్లీ పొయ్యి మీద పెట్టి, గోడ వైపు చూసింది. "ఈ ఫోటో యాల తగిలించుకున్న్యానబ్బా? ఎవురీయన?"

"ఉండనీలే," అన్నాడు వన్నూరప్ప. "గోడకు పగులుంది."

"అవును గదా," అంది మారెక్క. ఫోటో అట్లాగే ఉండిపోయింది.

రచయిత తన ప్రతి ఒకటి దగ్గర ఉంచుకోవచ్చునని నిబంధనల్లో ఉంది. ఫలితం వచ్చే దాకా విప్పకూడదు. వన్నూరప్ప విషయంలో ఇబ్బంది లేదని సుధీంద్ర రాసుకున్నాడు. ఆ నోరు ఎట్లాగూ విప్పేది కాదు.

ఫలితానికి తొంభై రోజులు గడువు. ఆ తొంభై రోజుల్లో ఊరు బాగానే ఉంది. చెప్పాలంటే కాస్త మెరుగైంది. కథ లేకపోవడంతో ప్రయాణికులు ప్లేటు ఖాళీ చేసి, ఇంకో రెండు బజ్జీలు అడిగే వీలు చిక్కింది. సుంకన్న మీసం పెంచాడు. మారెక్క విధవ పింఛను కాగితాలు మళ్లీ రాయవలసి వచ్చి, భర్త ఎట్లా పోయాడని ఆఫీసులో అడిగితే, "నాకు తెలీదు నాయనా, ఆ సంగతి పత్రికోళ్ల దగ్గరుందంట" అంది. గుమాస్తా తల ఊపి, గడిలో 'ఇతరములు' అని రాశాడు. కొండ కింద బావి చుట్టూ కంపచెట్ల కంచె ఉండేది. దాన్ని ఎందుకు వేశారో ఎవరికీ గుర్తు లేకపోవడంతో, తలా కాస్త నరుక్కుని పొయ్యిలోకి తెచ్చుకున్నారు. ఎండిన కంప బాగా మండింది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. దేన్నైనా చూస్తే అది ప్రతి అవుతుందని, ప్రతి అయితే ఎప్పుడో ఒకరోజు పని మానుకుని వరసలో నిలబడాలని జనానికి అర్థమైంది. చౌకడిపో దగ్గర ఇద్దరు తలలు పగలగొట్టుకుంటే, అక్కడున్న పాతిక మందీ మర్యాదగా గోడ వైపు తిరిగారు. ఆశా కార్యకర్త మాత్రం తిరక్కుండా కట్టు కట్టింది. ఆమెను అందరూ జాలిగా చూశారు. పాపం, ఎన్ని వరసల్లో నిలబడాలో!

తొంభయ్యో రోజున సుధీంద్ర అదే బస్సుకు దిగాడు. ఈసారి మెడలో కార్డు రంగు వేరు. మళ్లీ ఇంటింటికీ వెళ్లి, "ఈ ఊళ్లో తిప్పన్న అనే మనిషి బావిలో దిగి చనిపోయాడట, తెలుసా?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. "మా ఊళ్లో అట్లాంటి పనిలేనోళ్లు లేరు సార్," అన్నాడు సుంకన్న. "ఒగని మేక కోసరం ఇంగొగడు దిగుతాడా?" అంది మారెక్క. సర్పంచి ఇరవై ఒక్కేళ్ల కిందటి కాగితం తెచ్చి చూపించాడు. బావి పూడ్చేశారు. ముద్ర ఉంది.

ఫలితం వన్నూరప్పకు ట్యాంకు మెట్ల దగ్గరే అందింది. సుధీంద్ర చదివాడు. "మీ రచన ఎంపిక కాలేదు. సంఘటన నమ్మదగినదిగా లేదు. గ్రామీణ జీవితంతో రచయితకు ప్రత్యక్ష పరిచయం ఉండి ఉంటే బాగుండేది. అంచులు చక్కగా వదిలారు. ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు."

వన్నూరప్ప వాల్వు కట్టి కిందికి దిగాడు. "సార్, వాళ్ల దగ్గరుండేది మీరే గదా తీసుకునింది?"

"అది ప్రచురణపూర్వ విభాగం. ఇవాళ నేను వాస్తవికతా విభాగం తరఫున వచ్చాను. ఆ విభాగం దస్త్రాలు ఈ విభాగం చూడకూడదు."

"ఆ ప్రతులన్నా ఇచ్చేయండి. ఎవరిది వాళ్లకు."

"ఎంపిక కాని రచనలు తిప్పి పంపబడవు," అన్నాడు సుధీంద్ర. "అది ఒకటో నిబంధన. అందరూ ఏడోదాని దగ్గరే ఆగిపోతారు, మొదటిది చదవరు." చెప్పి, గడియారం చూసుకుని, బస్సు కోసం నడిచాడు. దారిలో మూడు బజ్జీలు కట్టించుకున్నాడు.

మంగళవారం వన్నూరప్ప మారెక్క అంగడికి వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. బస్సు అప్పుడే పోయింది. ఇంకా రెండున్నర గంటల దాకా రాదు.

"వదినా, ఒగ కత చెప్తా."

మారెక్క గరిటె పట్టుకుని ఆయన వైపు తిరిగింది. ఈ మనిషి ఇన్ని మాటలు ఒకేసారి అనడం ఆమెకు కొత్త.

"ఒగాయప్ప ఉండె. ఇంగొగని మేక బాయిలో పడితే..."

"ఆగబ్బీ, ఆగు." ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇది యాడన్నా పడిందా?"

"ల్యా."

"పంపినావా?"

"ఒగరు వద్దన్న్యారు."

"ఒగరు వద్దంటే ఊళ్లో పారబోస్తావా? బుద్ధుందా నీకు? మేకంటావు, బాయంటావు, వింటుంటేనే బాగుండాది. ఇంత మంచిది ఉగ్గాని తినేటోళ్ల కాడ చెప్పి చెడగొట్టుకుంటారా ఎవురన్నా? నోరు మూసుకోని ఇంగొగరికి పంపు. నేనేం వినల్యా, పో."

వన్నూరప్ప ఆమె ముఖం చూశాడు. గోడ మీద ఫోటో చూశాడు. ఉగ్గాని తిని, నీళ్లు తాగి, బుధవారం మండలానికి పోయాడు. రెండో పత్రికకు అంచు అంగుళంబావు కావాలట. మస్తాను కథను నాలుగు వైపుల నుంచీ ఇంకాస్త లోపలికి జరిపాడు. ఏడో నిబంధన వీళ్లకు అయిదోది. తనిఖీ సోమవారానికి పడింది. ఇప్పుడు ఊళ్లో ఉన్నది ఒకే ఒక ప్రతి. అది ఒక్కరి చెవిన పడినా తిప్పన్న మళ్లీ ప్రచురితమైపోతాడు. ఇక ఏ కాగితం మీదా చచ్చిపోయే వీలు ఉండదు.

ఆదివారం పొద్దున, ట్యాంకు సగం నిండేసరికి సుంకన్న మెట్ల కిందికొచ్చి కేకేశాడు.

"వన్నూరా, ట్యాంకు కడిగే తాడుండాది గదా, ఇయ్యప్పా. మేక బాయిలో పడింది."

కొండ కింద బావి దగ్గరికి వన్నూరప్ప తాడు తీసుకుని పోయేసరికి ముప్పై మంది దాకా చేరారు. కంచె లేదు. అంచున లేత పచ్చగా కొత్త గడ్డి. లోపల మోకాటి లోతు నీళ్లలో మేక నిలబడి పైకి చూసి అరుస్తోంది. సుంకన్న అల్లుడు ఈరన్న అప్పటికే చొక్కా విప్పి, పంచె ఎగగట్టి, తాడు కోసం చెయ్యి చాచాడు. కండలు తిరిగిన మనిషి. మూణ్నెల్ల కిందటే కూతురు పుట్టింది.

"దిగొద్దు," అన్నాడు వన్నూరప్ప.

"యాల మామా?"

"గోడ నిలబడదు."

"బాగుండాదే! నీకెట్ల తెలుసు?"

ముప్పై జతల చెవులు ఆయన వైపు తిరిగాయి. వన్నూరప్ప నాలుక చివర పంతొమ్మిదేళ్లు వచ్చి నిలబడ్డాయి. ముప్పై ప్రతులు. రేపు సోమవారం. చిన్న రాళ్లు ముందు పడతాయి, తర్వాత గోడ వంగుతుంది, లోపలి మనిషి మేక బాగుందా అని అడుగుతాడు. అదంతా అనకుండా గోడ ఎందుకు నిలబడదో చెప్పే మాట ఆయనకు దొరకలేదు. వెతకడానికి ఆయన దగ్గర మాటలు మొదటి నుంచీ తక్కువ.

"కారణం లేకుండా వద్దంటే ఎట్ల మామా," అని ఈరన్న తాడు అందుకుని నడుముకు చుట్టుకోబోయాడు.

వన్నూరప్ప తాడు లాక్కున్నాడు. "నేను దిగుతా."

"మేక నాది," అన్నాడు సుంకన్న. "నీకెందుకప్పా అంత కష్టం?"

ఆ మాట ఇంతకు ముందు ఎవరు ఎవరితో అన్నారో అక్కడ తెలిసినవాడు ఒక్కడే. ఆయన చెప్పులు విప్పి, పక్కపక్కన సర్ది పెట్టి, చొక్కా మడిచి వాటి మీద ఉంచాడు. పొడుగు నోటుబుక్కు దాని మీద పెట్టాడు.

తాడు పట్టుకోవడానికి ముందుకొచ్చినవాళ్లలో మొదట మారెక్క ఉంది. "అబ్బీ, రేపు నీ తనిఖీ గదా," అంది. "నువ్వేం దిగులు పడొద్దు. మేమెవురం చూడం." ఆమె బావికి వీపు పెట్టి నిలబడి, తాడును భుజం మీదుగా పట్టుకుంది. ఆమెను చూసి ఈరన్న తిరిగాడు. సుంకన్న తిరిగాడు. ముప్పై మందీ మర్యాదగా కొండ వైపు తిరిగి, కొండను చూస్తూ నిలబడ్డారు. కొండ మీద చూడవలసింది ఏమీ లేదు.

తాడు బరువెక్కింది, వదులైంది. కాసేపటికి లోపలి నుంచి "లాగండప్పో" అని వినబడింది. వెనక్కి చూడకుండా లాగారు. మేక పైకొచ్చి, ఒళ్లు దులుపుకుని, గడ్డిలో పడింది. మారెక్క తాడు మళ్లీ వెనక్కి వదిలింది. తాడు ఎంతవరకు దిగిందో ఎవరూ చూడలేదు. వెనక ఏవో చిన్న రాళ్లు పడ్డట్టుగా అయింది. లోపలి నుంచి ఎవరో ఏదో అడిగినట్టుగా అయింది. తర్వాత వచ్చిన చప్పుడు పెద్దదే గానీ, దాన్ని ఎవరూ వినలేదని ముప్పై మందీ ఒకరితో ఒకరు అనుకోకుండానే ఒప్పుకున్నారు. వీపుల మీద దుమ్ము పడితే, ఇంటికి పోయి స్నానం చేశారు.

సోమవారం రెండో పత్రిక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇంటింటికీ తిరిగాడు. ఏ నోట్లోనూ ఒక్క ప్రతి కూడా దొరకలేదు. తన ఉద్యోగంలో ఇంత శుభ్రమైన అప్రచురితాన్ని చూడలేదని సర్పంచితో అన్నాడు. రచయిత సంతకం కావలసిన చోట మనిషి దొరక్కపోతే, కారణం అనే గడిలో 'ఇతరములు' అని రాసుకుని, మారెక్క అంగట్లో ఉగ్గాని తిని, బస్సు ఎక్కాడు.

ఆ రోజు వంతు ఉన్న నాలుగో వీధికి నీళ్లు రాలేదు. మరునాడు ఏ వీధికీ రాలేదు. కుళాయిల ముందు బిందెలు వరసగా పెట్టుకుని జనం కూర్చున్నారు. పొద్దెక్కింది. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు చెప్పాలి.